నేలనెమలి కోసం నాటిన మొక్కలు

మా ప్రాజెక్టు పేరు ఇంగ్లీషులో రెండు వరుసలుండేది. ఉష్ణమండల జీవవైవిధ్యం, అంతరించిపోతున్న ఆవాసాలు, వాతావరణ మార్పు, అన్నీ అందులో సర్దుకుని కూర్చున్నాయి. నందికొట్కూరు అవతల మేము తిరగాల్సిన గడ్డి మైదానం ఊసు మాత్రం లేదు. రెవెన్యూ రికార్డుల్లో దాన్ని బీడు అని రాసుకున్నారు. ప్రాజెక్టుకు పెద్దగా ఉన్న సార్ మొదటి రోజు జీపు దిగి, నాలుగు వైపులా చూసి, ఆ రికార్డు చదివినట్టే మాట్లాడారు.

"ఇదంతా ఖాళీగా ఉందేమిటమ్మా? మనం పని చేయాల్సిన చోటు ఇదేనా?"

అది మే నెల. గడ్డి ఎండి నేలకు అతుక్కుని ఉంది. సార్ అంతకు ముందు చాలా ఏళ్లు ఎడతెగని వానలు కురిసే అడవుల్లో పనిచేశారు. ఆయన దృష్టిలో జీవవైవిధ్యమంటే తలెత్తి చూడాల్సిన వస్తువు. మెడ నొప్పి పుడితేనే అది అడవి. తల దించి చూడాల్సినవి కూడా కొన్ని ఉంటాయని ఆయన చదివిన పెద్ద పెద్ద చోట్ల ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆయన్ని వెక్కిరించే ముందు నా సంగతి కూడా చెప్పాలి. నేను పుట్టి పెరిగింది అక్కడికి బస్సులో గంట దూరం. కాలువ నీళ్లు వచ్చిన ఏడు మా నాయన ఊరి బయట మాకున్న గడ్డి నేలంతా ట్రాక్టరు పెట్టి దున్నించి మిరప వేశాడు. ఆ మిరప డబ్బు మీదే నేను జువాలజీ చదివాను. నేలనెమలి అనే పక్షి ఉందని నాకు తెలిసింది హైదరాబాదులో, లైబ్రరీలో కూర్చుని, ఒక లావుపాటి పుస్తకంలో బొమ్మ చూసినప్పుడు. బొమ్మ కింద అది కనిపించే చోట్లలో కర్నూలు అని రాసి ఉంది. నా ముఖాన ఎవరో నీళ్లు చల్లినట్టయింది. దున్నేసిన తర్వాత దాని పేరు నేర్చుకున్నదాన్ని నేను. దాని మీద పరిశోధనకు నన్నే ఎంపిక చేశారు. స్థానికురాలు, అన్నీ తెలిసిన మనిషి అని.

నేలనెమలి కోడి అంత ఉంటుంది. కాళ్లు పొడుగు. వానాకాలంలో మగపక్షికి మెడ, పొట్ట నల్లబడతాయి, తల వెనక సన్నటి ఈకలు వెనక్కి వంగి నిలబడతాయి. ఆడపక్షికి తాను ఎక్కడున్నదీ తెలియడానికి గడ్డిలోంచి నిట్టనిలువుగా పైకి ఎగిరి, అక్కడే మళ్లీ దిగిపోతుంది. దేశం మొత్తం మీద ఇవి చాలా తక్కువ మిగిలాయి. గడ్డి నేలలు లేకపోవడమే కారణం. ఇది తెలుసుకోవడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు, మా నాయన్ని అడిగినా చెబుతాడు.

రెండు వారాలు నేను ఆ ఎండలో తిరిగాను. ఫోనులో గీసుకున్న గీతల వెంట తిన్నగా నడవాలి, నడుస్తూ రెండు పక్కలా చూడాలి, కనిపించింది ఫారంలో రాయాలి. గీత మధ్యలో ముళ్లపొద వచ్చినా పక్కకు పోకూడదని సార్ ఆజ్ఞ. ఒక పొద్దున అలా ఒక రేగుపొదలోంచి దూరి బయటికొస్తుంటే గొర్రెల మందతో ఒక ముసలాయన నిలబడి చూస్తున్నాడు. భుజం మీద కంబళి, చేతిలో కట్టె. ఆ పక్క పల్లెవాడే.

"ఏం ఎతుకుతాండావు పాపా? ఏమన్నా పారేసుకుంటివా?"

"లేదు తాతా. పిట్ట కోసం. నేలనెమలి."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఈ ఎండల్లో యాడుంటాది? అది వానల పిట్ట. ఆరుద్ర వానకు గడ్డి లెయ్యల్ల. మోకాలెత్తు రావల్ల. అప్పుడొస్తాది. నువ్వు బో తొందరపడి వచ్చినావు."

అప్పటికే మేము మొదటి నివేదిక పంపి ఉన్నాం. పక్షి జాడ లేదు, పరిస్థితి ఆందోళనకరం అని. వానాకాలం పక్షిని ఎండాకాలంలో వెతికి ఆందోళన చెందడానికి పట్టభద్రులమే కావాలి.

ఆరుద్ర కార్తె పోయి పునర్వసు వచ్చాక తాత నన్ను తీసుకుపోయాడు. పొద్దున ఏడు గంటలు. మబ్బు పట్టి ఉంది. ప్రాజెక్టు వాళ్లిచ్చిన పసుపు టోపీ తీసి సంచిలో పెట్టుకోమన్నాడు. ఒక చిన్న గట్టు వెనక కూర్చోబెట్టి, "గమ్మునుండు, పిట్టే కనపడతాది" అని తాను గొర్రెల దగ్గరికి పోయాడు.

చాలాసేపు గాలికి గడ్డి ఊగడం తప్ప ఏమీ లేదు. తర్వాత కప్ప అరిచినట్టు ఒక గరగర శబ్దం. గడ్డిలోంచి నల్లటిదేదో పైకి లేచి, గాలిలో ఒక్క క్షణం రెక్కలు కొట్టుకుని, వదిలేసిన రాయిలా కిందికి దిగిపోయింది. నేను చూసిందేమిటో అర్థమయ్యేలోపు మళ్లీ లేచింది. పెన్ను తీసి ఎగిరినప్పుడల్లా ఒక గీత గీయడం మొదలుపెట్టాను. కాసేపటికి తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన పక్షిని చూడలేదు, నా కాగితం చూశాడు.

"లెక్క పెడతాండావా? దేనికి?"

"రాసుకోవాల తాతా. ఇది ఉండాదని చూపించల్ల కదా."

"అది ఉండాదని దానికి తెలుసు, నాకు తెలుసు. ఇంక ఎవరికి చూపిస్తావు?" అని, నేను నొచ్చుకున్నానేమోనని, "సరే, రాసుకో" అన్నాడు.

ఆ వానాకాలమంతా నేను ఆయన వెంట తిరిగాను. మధ్యాహ్నం ఆయన కోడలు పంపిన జొన్నరొట్టె, వేరుశనగ బుడ్డల కారం పంచుకునేవాళ్లం. ఆయన చెప్పింది నేను రాసుకునేదాన్ని. గొర్రెలు వేసవిలో పాత గడ్డి కొరికేస్తేనే వానకు కొత్త గడ్డి పలచగా లేస్తుంది, పిట్ట నడవడానికి సందు ఉంటుంది. మేత లేకపోతే గడ్డి దట్టంగా పెరిగి పడిపోతుంది, అందులోకి పిట్ట దూరదు. "ఇంగ చెట్టుంటే దాని మీద కాకి కూకుంటాది, గద్ద కూకుంటాది. పైనుంచి గుడ్లు కనపడతాయి. చెట్టు కింద ఈ పిట్ట ఎప్పుడూ గుడ్డు పెట్టదు పాపా, దానికి ఆ మాత్రం తెలివి ఉండాది."

ఇదంతా ఇంగ్లీషులోకి మార్చి సార్‌కు పంపాను. చాలా విలువైన సంప్రదాయ జ్ఞానం అని జవాబొచ్చింది. ఆయన చదివారని నేను నమ్మాను. ఆ నమ్మకం నా చదువులో మిగిలిపోయిన లోపం.

ఆగస్టులో సార్ స్వయంగా నాలుగు రోజులు వచ్చారు. పెద్ద కెమెరా, దాక్కునే గుడారం, ఆయన కూర్చోవడానికి మడత కుర్చీ. గుడారం వేసింది సరిగ్గా పిట్ట తిరిగే చోట. అది ఆ రోజే అక్కడి నుంచి వెళ్లిపోయింది. నాలుగో రోజు విసుగొచ్చి సార్ తాతను నిలబెట్టి ఫోటోలు తీశారు. కంబళి కప్పుకొమ్మన్నారు, తీయమన్నారు, దూరంగా చూడమన్నారు. ఆ ఏడాది నివేదిక అట్ట మీద పక్షి లేదు, తాత ఉన్నాడు. ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు.

మరుసటి ఏడాది జనవరిలో ఒక ఉత్తరం వచ్చింది. వాతావరణ మార్పును ఎదుర్కొనే భాగం కింద, ఒక కంపెనీ సాయంతో, ఆ మైదానంలో మొక్కలు నాటిస్తారట. శాస్త్రీయ సలహాదారుగా సార్ సంతకం. నేను వెంటనే ఫోన్ చేశాను.

"సార్, అక్కడ చెట్లు పెడితే నేలనెమలి రాదు. నేను పంపిన రిపోర్టులో ఉంది."

"ఆ గొర్రెలాయన చెప్పిందా?"

"ఆయన చెప్పిందీ, మనం చూసిందీ సార్. పోయిన వానల్లో కనిపించిన చోట్లలో ఒక్కచోట కూడా చెట్టు లేదు."

"చూడమ్మా, చెట్లు వద్దని చెబితే మనల్ని ఎవరు పిలుస్తారు? గడ్డి పెరిగిందని ఫోటో చూపిస్తే ఎవరికి అర్థమవుతుంది? చెట్టంటే అందరికీ అర్థమవుతుంది. మీరు ఇంకా చిన్నవారు."

నాకప్పుడు ముప్పై ఒకటి. చిన్నదాన్నే అనుకుని నోరు మూసుకున్నాను. ఇంకో రెండు మాటలు అని ఉండొచ్చు. జీతం గుర్తొచ్చి అనలేదు. ఈ కథలో నేను గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు.

జేసీబీలు వచ్చి గుంతలు తవ్వాయి. మిగిలిన పనికి కోసిగి వైపు నుంచి కూలీలను లారీలో తెచ్చారు. వాళ్లలో ఒకామె మంచినీళ్ల డ్రమ్ము దగ్గర నన్ను అడిగింది.

"ఏంటికక్కా ఈ చెట్లు?"

"వానలు వస్తాయంట."

"మా ఊర్లో వానల్లేకనే కదా మేము ఈడికొస్తిమి. చెట్లు నాటితే వానొచ్చేదుంటే మా ఊర్లోనే నాటించొచ్చు కదా. బిడ్డల్నిడిసిపెట్టి ఇంత దూరం వచ్చే పని తప్పుతుండె."

నేను నీళ్లు తాగి వచ్చేశాను.

నాటే రోజు షామియానా వేశారు. తెల్ల బట్టల నాయకుడొకాయన వచ్చి కానుగ మొక్కను రెండు వేళ్లతో పట్టుకుని, ఫోటో అయ్యేదాకా అలాగే ఉండి, అప్పుడు గుంతలో పెట్టాడు. స్వాగతం పలికే ఫ్లెక్సీ మీద 'నేలనెమలిని కాపాడుకుందాం' అని పెద్ద అక్షరాలు. పక్కన పక్షి బొమ్మ. పురి విప్పిన మామూలు నెమలి అది. ఫ్లెక్సీ వేసినాయనకు నెమలి అని వినిపించింది, నెమలిని వేశాడు. ఆయన్ని అనడానికేముంది. వేదిక మీద ఏడుగురు పెద్దమనుషులు దాని కింద గంటన్నర కూర్చున్నారు, జీవవైవిధ్యం గురించి మాట్లాడారు, ఒక్కరూ తల తిప్పి ఇది వేరే పక్షి కదా అనలేదు. సార్ చూశారు. చూసి, నా వైపు చిన్నగా నవ్వి, మైకు అందుకున్నారు.

కంచె వేశాక గొర్రెలను లోపలికి రానివ్వవద్దని కాపలా పెట్టారు. తాత కంచె బయట నిలబడి నన్ను పిలిచాడు.

"ఇదంతా పిట్ట కోసమేనంట కదా పాపా?"

"అంటాండారు తాతా."

"పోయిన ఏడు నీకు చెప్పినాను కదా. రాసుకుంటివి కదా."

"రాసినాను. పంపినాను."

"మరి యాడ పోయినాది ఆ కాగితం?"

ఆయన కోపగించుకోలేదు. గొర్రెలను మళ్లించుకుని రోడ్డు వైపు పోయాడు. ఆ రోడ్డు పక్కన మేత ఎంతుంటుందో నాకు తెలుసు.

ఆ వానాకాలం నేను అవే గీతల వెంట నడిచాను. మేత లేక గడ్డి నడుము ఎత్తు పెరిగి, ఒకదాని మీద ఒకటి పడి, చాప పరిచినట్టు తయారైంది. గుంతల మట్టి కుప్పలు ఎక్కడికక్కడ. ప్రతి కంచె రాయి మీదా ఒక కాకి. జూలై పోయింది, ఆగస్టు పోయింది. ఫారంలో సున్నా, సున్నా, సున్నా. తిరిగి తిరిగి మడమలు పగిలాయి. ఒక రోజు పక్షి ఎగిరిన ఆ పాత గట్టు వెనకే కూర్చుని మధ్యాహ్నం దాకా ఏడ్చాను. తర్వాత లేచి మిగతా గీత కూడా నడిచాను, ఎందుకంటే సగం గీతను లెక్కలోకి తీసుకోరు.

సార్ రాసిన పరిశోధన పత్రం చిత్తు ప్రతి డిసెంబరులో వచ్చింది. నేలనెమలి కనిపించకుండా పోవడానికి కారణాలు రెండట: వానలు గతి తప్పడం, గతంలో గొర్రెలు అతిగా మేయడం. మొక్కల గురించి ఒకే ఒక్క వాక్యం, ఆవాస పునరుద్ధరణ పనులు ఆశాజనకంగా సాగుతున్నాయని. రచయితల్లో మూడో పేరు నాది.

దాని మీద కర్నూలులో ఒక హోటల్లో సదస్సు పెట్టారు. ఢిల్లీ నుంచి కొందరు, విదేశాల నుంచి ఇద్దరు వచ్చారు. స్థానిక ప్రజల తరఫున తాతను పిలిపించారు. ఏసీ చలికి ఆయన కంబళి నిజంగానే కప్పుకున్నాడు. ఆయన మాటలు ఇంగ్లీషులో చెప్పే పని నాది. సార్ ముందే నా చెవిలో, "రెండు మంచి మాటలు చెప్పించండి చాలు" అన్నారు.

తాత మైకును దూరంగా పెట్టుకుని, ఎదురుగా ఎవరో ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"నాకు చదువు లేదు. మా నాయన కాలం నుంచి ఆ నేల మింద గొర్లు మేపుతాండాము. పిట్ట అప్పుడూ ఉన్నింది. పోయిన ఏడు ముందుటేడు కూడా ఉన్నింది, ఈ పాప చూసినాది. మీరు గుంతలు తీస్తిరి, కంచె వేస్తిరి. పిట్ట పాయ. నా గొర్లు మేసి పాయ అంటాండారంట. నా గొర్లు మేసినన్ని దినాలూ అది ఆడనే ఉన్నింది కదప్పా. మేసేది నిలిచిపోయినాకనే కదా పోయింది. ఇది తెలుసుకునేకి ఇంత మంది ఈడికి ఎందుకొస్తిరో నాకు తెలీదు."

నేను ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఇప్పుడు ఎవరో లేచి అడుగుతారు, సార్ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది అనుకున్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. తెల్లామె ఒకరు కళ్లు తుడుచుకున్నారు. ఎంత నిజాయితీ గల గొంతు అన్నారు ఇంకొకరు. శాలువా కప్పి, తాత చేతిలో ఒక మొక్క పెట్టి ఫోటో తీశారు. తర్వాత భోజనాలు. సదస్సు తీర్మానాల్లో ఆయన మాటలు 'స్థానికుల అభిప్రాయాలు' అనే శీర్షిక కింద ఒక వరుసలో చేరాయి. ఆయన చెప్పింది ఏమిటన్నది ఆ వరుసలో లేదు. తిట్టినా పొగిడినా ఒకేలా చప్పట్లు కొట్టగలిగిన జనాన్ని నేను అక్కడే చూశాను.

భోజనాల దగ్గర సార్ నా ప్లేటు పక్కన నిలబడి, "కాస్త ఘాటుగా అనువదించారు" అన్నారు.

"పేపర్లో నా పేరు తీసేయండి సార్."

"తొందరపడకండి. ఇలాంటి పత్రికలో పేరు రావడం కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు."

"వాళ్లలో ఎవరిదైనా పెట్టండి."

అంతకు మించి గొప్ప మాటలేవీ నాకు రాలేదు. ఆ నెలాఖరుకు ప్రాజెక్టు వదిలేశాను. కొంతకాలానికి ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరాను. పత్రం అచ్చయింది, నా పేరు లేకుండా. దాన్ని ఉదహరిస్తూ గొర్రెల మేత మీద ఇంకెవరో ఇంకో పత్రం రాశారు.

మొక్కల సంగతి చెప్పాలి. ఫోటోలు అయిపోయాక నీళ్ల ట్యాంకరు రావడం మానేసింది. రెండు వేసవులకు దాదాపు అన్నీ ఎండిపోయాయి. గొర్రెలు లేని కంచె లోపల సర్కారు తుమ్మ మాత్రం ఎవరూ నాటకుండానే అడవిలా లేచింది. పైనుంచి తీసిన బొమ్మల్లో అది పచ్చగా కనిపిస్తుంది కాబట్టి పచ్చదనం పెరిగిందని నివేదిక వచ్చిందట. ఆ మాట విని నేను నవ్వాను, కానీ ఆశ్చర్యపోలేదు. తాత సగం మందను అమ్ముకున్నాడు.

ఆ తర్వాతి వానాకాలంలో ఒక ఆదివారం తాత కోడలు ఫోన్ చేసింది.

"అక్కా, మామ నిన్ను రమ్మంటాండాడు. మా సేను కాడికి. ఊరికే రమ్మను, ఏం చెప్పొద్దు అన్నాడు."

వాళ్ల చేను కంచెకు చాలా ఎడంగా ఉంది. బోరు ఎండిపోయి మూడేళ్లుగా విత్తనం వేయలేదు, గొర్రెలు మేసి మేసి మంచి గడ్డి నేలగా మారింది. పక్కన రెండు చేలు కొర్ర. నేను గట్టు మీద కూర్చున్న పది నిమిషాలకు గడ్డిలోంచి నల్లటి పక్షి లేచింది. ఈసారి నేను గీతలు గీయలేదు. చూస్తూ ఉండిపోయాను.

కోడలు కొడవలితో వచ్చి నా పక్కన నిలబడింది. ఆ వారమంతా ఆమే చుట్టుపక్కల చేల వాళ్ల దగ్గరికి పోయి, పిట్ట పోయేదాకా కుక్కల్ని వదలొద్దని, గట్ల మీద గడ్డి కోయొద్దని ఒప్పించింది. ఎలా ఒప్పుకున్నారని అడిగితే, "అడిగినాను, సరేనన్నారు" అంది. దీనికి సదస్సు పెట్టలేదు.

నెల తిరగకుండా సార్ ఫోన్ చేశారు. ఎవరి ద్వారానో చూచాయగా విన్నారట. కొత్త ప్రాజెక్టు మంజూరైందట, పక్షిని పట్టుకుని వీపు మీద చిన్న యంత్రం కట్టి ఎటు పోతుందో చూస్తారట. పాతవన్నీ మర్చిపోదామన్నారు.

"సరిగ్గా ఏ చోటో మీరు పంపితే చాలమ్మా. ఈసారి మీ పేరు ముందుంటుంది."

ఆయన అడిగిన పని చెడ్డదేమీ కాదు. ఆ పక్షి వానలు పోయాక ఎక్కడికి పోతుందో తెలిస్తే నిజంగా ఉపయోగమే. ఆ మాట నాకు తెలుసు. కానీ నా కళ్ల ముందు మడత కుర్చీ, జేసీబీ, ఆ ఫ్లెక్సీ వరుసగా వచ్చి నిలబడ్డాయి.

"నాకేమీ కనపడలేదు సార్" అన్నాను.

పరిశోధకురాలిగా అది అబద్ధం. చూసినదాన్ని చూడలేదని చెప్పడం నా చదువు నేర్పింది కాదు. ఈ సంగతి తాతకు చెబితే ఆయన గొర్రె డెక్కలో ఇరుక్కున్న ముల్లు తీస్తూ, "మంచిపని చేసినావు" అన్నాడు. నాకు అంత నిశ్చయంగా లేదు. ఇప్పటికీ లేదు. ఆ చేను, ఆ తేదీలు, ఎగిరిన సమయాలు అన్నీ రాసిన నోటుపుస్తకం మా ఇంట్లో బీరువాలో ఉంది. అడగాల్సిన తీరులో అడిగే మనిషి ఎవరైనా వస్తే ఇద్దామని ఉంచాను. ఇంతవరకు ఎవరూ రాలేదు, ఇంకో మూడు చోట్ల మాత్రం మొక్కలు నాటారు.